స్లీప్‌లో పెట్టిన కంప్యూటర్ దానంతట అదే లేస్తుంటే ఎక్కడ ఆపడం మేలు?

రాత్రి పడుకునే ముందు కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టాను. రెండు గంటలకి మెలకువ వచ్చి చూస్తే గదంతా వెలుతురు. ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్ మీద లాగిన్ స్క్రీన్ కనిపిస్తోంది. ఎవరూ ముట్టుకోలేదు. వారం రోజులు ఇదే వరస. వైరస్ ఏమైనా పట్టిందా అని టెన్షన్ పడి స్కాన్‌లు కూడా చేశాను. చివరికి తేలింది చాలా చిన్న విషయం. అదే టేబుల్ మీద పెట్టిన ఫ్యాన్ వల్ల బల్ల సన్నగా అదురుతోంది. ఆ అదురుని మౌస్ కింద ఉన్న సెన్సర్ కదలికగా లెక్కవేస్తోంది, మౌస్ రిసీవర్ (వైర్‌లెస్ మౌస్ కోసం యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న ముక్క) కంప్యూటర్‌ని లేపేస్తోంది.

ఇలా లేవకుండా ఆపడానికి నాలుగు చోట్లు ఉన్నాయి. లేపుతున్న పరికరం దగ్గర ఆపొచ్చు, అది తగిలించిన కంట్రోలర్ (కొన్ని పోర్టుల్ని కలిపి నడిపే చిప్) దగ్గర ఆపొచ్చు, బయోస్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆపొచ్చు, లేదంటే నిద్ర రకాన్నే మార్చేయొచ్చు. చాలామంది నేరుగా బయోస్‌లోకి వెళ్లి కనిపించినవన్నీ ఆఫ్ చేస్తారు. నేనూ మొదట అదే చేశాను, అది తప్పని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. లేపుతున్నది ఎవరో ముందు కనుక్కుని, ఆ ఒక్క పరికరానికి ఉన్న లేపే అనుమతిని తీసేయడమే అన్నిటికన్నా మేలు. మిగతా మూడూ అది కుదరనప్పుడు వాడుకోవాల్సినవి.

ముందు లేపిందెవరో తెలియాలి

లేచే తీరులోనే సగం జవాబు దొరుకుతుంది. స్లీప్‌లో పెట్టిన రెండు మూడు సెకన్లకే లేచిందంటే ముందు యూఎస్‌బీ కంట్రోలర్ మీదో పీసీఐ బ్రిడ్జ్ (మదర్‌బోర్డు మీది కార్డుల్ని ప్రాసెసర్‌తో కలిపే భాగం) మీదో అనుమానపడాలి. రోజూ ఒకే వేళకి లేస్తుంటే అది టైమర్. వేళాపాళా లేకుండా లేస్తుంటే మౌసో, నెట్‌వర్క్ కార్డో అయ్యే అవకాశమే ఎక్కువ.

విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే కమాండ్ ఉంది. దానికి లాస్ట్‌వేక్ అని జతచేస్తే చివరిసారి లేపిన పరికరం పేరు చెబుతుంది. డివైస్‌క్వెరీ వేక్ ఆర్మ్‌డ్ అని అడిగితే ప్రస్తుతం లేపే అనుమతి ఉన్నవాటి జాబితా ఇస్తుంది. వేక్‌టైమర్స్ అంటే పెట్టి ఉన్న అలారాలు చూపిస్తుంది. లాస్ట్‌వేక్ కొన్నిసార్లు ఖాళీగా వస్తుంది. అప్పుడు ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో పవర్ ట్రబుల్‌షూటర్ పేరుతో ఉన్న 1వ నంబర్ ఈవెంట్ చూడండి. పడుకున్న టైమ్, లేచిన టైమ్, లేపిన మూలం అన్నీ అందులో ఉంటాయి.

లినక్స్‌లో అయితే ప్రాక్ కింద ఏసీపీఐ (కంప్యూటర్ కరెంటు, నిద్ర వ్యవహారాలు చూసే ఏర్పాటు) ఫోల్డర్‌లో వేకప్ అనే ఫైలు ఉంటుంది. ఒక్కో వరుసలో పరికరం పొట్టి పేరు, ఏ నిద్ర స్థాయి నుంచి లేపగలదు, అనుమతి ఉందా లేదా అన్నది రాసి ఉంటుంది. కర్నల్ (లినక్స్ మూల భాగం) డీబగ్ ఫోల్డర్‌లోని వేకప్ సోర్సెస్ ఫైలుని పడుకోబెట్టే ముందు ఒకసారి, లేచాక ఒకసారి కాపీ చేసి పెట్టుకుని ఏ అంకె పెరిగిందో చూడటం నాకు బాగా పనికొచ్చింది.

ఇక్కడ ఒక తేడా అర్థం చేసుకోవాలి, లేకపోతే రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేస్తాం. మామూలుగా ఎస్3 అనే పాత తరహా నిద్రలో ప్రాసెసర్‌కి కరెంటే ఉండదు. కాబట్టి రోజువారీ అర్థంలో ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) వచ్చి దాన్ని లేపడం జరగదు. స్టాండ్‌బై కరెంటు మీద బతికి ఉన్న పరికరం ఒక సంకేతం ఇస్తుంది, దాన్ని చిప్‌సెట్ పట్టుకుని మొత్తం యంత్రాన్ని ఆన్ చేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే మోడర్న్ స్టాండ్‌బై వేరు. లినక్స్ వాళ్లు ఎస్2ఐడిల్ అనే నిద్ర కూడా ఇలాంటిదే. అందులో ప్రాసెసర్ ఆఫ్ అవదు, బాగా లోతైన విశ్రాంతిలో ఉంటుందంతే. లేపే అనుమతి ఉన్న ఇంటరప్ట్ ఏదొచ్చినా అది కదులుతుంది. ఎస్3లో లేపగలిగేవి కొన్నే. ఇందులో టచ్‌ప్యాడ్, మూత సెన్సర్, చార్జర్ తీయడం లాంటివన్నీ తలుపు తట్టగలవు. లినక్స్‌లో పీఎమ్ వేకప్ ఐఆర్‌క్యూ అనే ఫైలు ఇలా లేపిన ఇంటరప్ట్ నంబర్ చెబుతుంది. అక్కడ 9 కనిపిస్తే, పీసీల్లో అది సాధారణంగా ఏసీపీఐది. అంటే అసలు కారణం దాని వెనక ఇంకొకటి ఉందన్నమాట, ఇంకాస్త తవ్వాలి.

పరికరం దగ్గర ఆపడమా, కంట్రోలర్ దగ్గర ఆపడమా

అసలు పోటీ ఈ రెండిటి మధ్యే.

పరికరం దగ్గర ఆపడం విండోస్‌లో చాలా తేలిక. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ని లేపడానికి అనుమతించే గడిలో టిక్ తీసేస్తే చాలు. లినక్స్‌లో ప్రతి యూఎస్‌బీ పరికరం ఫోల్డర్‌లోనూ పవర్ అనే ఫోల్డర్, అందులో వేకప్ ఫైలు ఉంటాయి. ఆ ఫైలులో డిసేబుల్డ్ అని రాస్తే సరిపోతుంది. అయితే పరికరాన్ని పీకి మళ్లీ పెట్టినా, కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసినా ఇది పోతుంది. అందుకని ఆ పరికరం వెండర్ నంబర్, ప్రోడక్ట్ నంబర్ ఇచ్చి ఒక యూడెవ్ రూల్ (పరికరం తగిలించినప్పుడల్లా లినక్స్ దానంతట అదే అమలు చేసే నియమం) రాసిపెట్టాలి. ఒకే ఒక్క వరుస, ఒకసారి రాస్తే ఏ పోర్టులో పెట్టినా పనిచేస్తుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే.

దీనికి ఒక లోపం ఉంది, నేను సరిగ్గా అందులోనే చిక్కుకున్నాను. నేను వాడే లినక్స్ మామూలుగా యూఎస్‌బీ కీబోర్డులకి లేపే అనుమతి ఇస్తుంది, మౌస్‌లకి ఇవ్వదు. మరి నా మౌస్ ఎలా లేపింది? మౌస్‌కీ కీబోర్డుకీ కలిపి వాడే వైర్‌లెస్ రిసీవర్ కంప్యూటర్‌కి కీబోర్డుగా కూడా పరిచయం చేసుకుంటుంది. కాబట్టి దానికి అనుమతి వచ్చేస్తుంది, ఆ అనుమతి మీద మౌస్ కదలిక కూడా లోపలికి వచ్చేస్తుంది. రిసీవర్ ఒక్కటే పరికరం కనుక, కీబోర్డుతో లేపుకుంటాను, మౌస్‌తో వద్దు అంటే కుదరలేదు. రిసీవర్‌కి పూర్తిగా అనుమతి తీసేసి, పవర్ బటన్‌తో లేపడం అలవాటు చేసుకున్నాను. కీబోర్డుతోనే లేపాలనుకునేవాళ్లు దాన్ని విడిగా, వైరుతో ఉన్నది పెట్టుకోవడం మేలు.

కంట్రోలర్ దగ్గర ఆపడం అంటే ఇంకా మొరటు పని. లినక్స్‌లో ఏసీపీఐ వేకప్ ఫైలులో ఎక్స్‌హెచ్‌సీ లాంటి పేరు రాస్తే ఆ యూఎస్‌బీ కంట్రోలర్ కింద ఉన్న పోర్టులన్నీ ఒకేసారి మూగబోతాయి. మౌస్, కీబోర్డు, హెడ్‌సెట్, ఏదీ లేపలేదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నంత కాకపోయినా, ఒక్క గదికి తాళం వెయ్యాల్సిన చోట వీధి తలుపే మూసెయ్యడం ఇది.

అయినా కొన్ని కేసుల్లో ఇదే సరైన మందు. ఏఎమ్‌డీ ప్రాసెసర్లు పెట్టే కొన్ని మదర్‌బోర్డుల్లో స్లీప్‌లో పెట్టగానే లేచిపోయే జబ్బు ఉంది. అక్కడ అనుమానించాల్సింది జీపీపీ0 అనే పీసీఐ బ్రిడ్జ్‌ని. దాని కింద ఒక్కో పరికరాన్నీ పట్టుకుని కూర్చుంటే లాభం లేదు, బ్రిడ్జ్‌కే అనుమతి తీసేయాలి. పరికరం స్థాయిలో అన్నీ తీసేసినా లేస్తూనే ఉంటే ఈ మెట్టుకి రావాలి.

ఆ ఫైలుతో ఒక జాగ్రత్త. అందులో పేరు రాయడం అంటే ఆఫ్ చేయడం కాదు, ఉన్నదాన్ని తిరగేయడం. ఆన్‌లో ఉంటే ఆఫ్ అవుతుంది, ఆఫ్‌లో ఉంటే ఆన్ అవుతుంది. నేను కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఒక సర్వీస్‌తో రాయించాను, అది మరిచిపోయి స్లీప్‌లోకి వెళ్లే ముందు నడిచే స్క్రిప్ట్‌లో కూడా అదే వరుస పెట్టాను. మొదటిసారి పడుకోబెడితే వెంటనే లేచింది, రెండోసారి చక్కగా పడుకుంది, మూడోసారి మళ్లీ లేచింది. రెండు రోజులు తల పట్టుకున్నాను. అందుకే స్క్రిప్ట్ రాసేటప్పుడు ముందు ఆ వరుసలో ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూసి, ఉంటేనే తిరగేయాలి.

నెట్‌వర్క్ కార్డు

దీనికి రెండు దారులు. లేపే అనుమతిని పూర్తిగా తీసేయడం ఒకటి, మ్యాజిక్ ప్యాకెట్‌కి మాత్రమే లేవమనడం ఇంకొకటి. మ్యాజిక్ ప్యాకెట్ అంటే 6 బైట్ల నిండా ఒకట్లు, ఆ తర్వాత మన కార్డు మ్యాక్ అడ్రస్ (ఒక్కో నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబర్) 16 సార్లు, మొత్తం 102 బైట్లు. ఇది పొరపాటున వచ్చి తగిలేది కాదు, ఎవరో కావాలని పంపాలి. రాత్రిళ్లు లేపేది ఇది కాదు, ప్యాటర్న్ మ్యాచ్ అనే సెట్టింగ్. నెట్‌వర్క్‌లో ఇంకో యంత్రం మన కంప్యూటర్ పేరు పట్టుకుని వెతికినా అది లేపేస్తుంది. దూరం నుంచి కంప్యూటర్‌ని లేపే అవసరం ఉన్నవాళ్లు విండోస్‌లో మ్యాజిక్ ప్యాకెట్‌కే పరిమితం చేసే గడిలో టిక్ పెట్టుకోవాలి. లేనివాళ్లు మొత్తం తీసేయడమే మేలు. లినక్స్‌లో ఈథ్‌టూల్‌తో వేక్ ఆన్ ల్యాన్‌కి డీ అనే అక్షరం ఇస్తే పూర్తిగా ఆగుతుంది, జీ ఇస్తే మ్యాజిక్ ప్యాకెట్‌కి మాత్రమే లేస్తుంది.

టైమర్ల గురించి ఒక్క మాట చాలు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో స్లీప్ కింద వేక్ టైమర్స్ ఉంటాయి, వాటిని డిసేబుల్ చేయండి. పరికరాల అనుమతులు ఎన్ని తీసినా టైమర్ ఆగదు, ఎందుకంటే లేపేది గడియారం చిప్.

బయోస్

బయోస్‌లో ఎక్కువమంది పట్టుకునేది ఈఆర్‌పీ అనే ఆప్షన్. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఆఫ్‌లో ఉన్న కంప్యూటర్ ఒక పరిమితికి మించి కరెంటు తినకూడదు. ఆ లెక్క కుదరడానికి పెట్టిన ఆప్షన్ ఇది. ఆన్ చేస్తే యూఎస్‌బీకి, నెట్‌వర్క్ కార్డుకి స్టాండ్‌బై కరెంటు ఆగిపోతుంది. వినడానికి మన జబ్బుకి తిరుగులేని మందులా ఉంటుంది. కానీ ఆ ఆప్షన్ పక్కన రాసి ఉన్నది చదవండి: ఎస్4, ఎస్5. అంటే హైబర్నేట్‌కి, షట్‌డౌన్‌కి మాత్రమే. ఎస్3 స్లీప్‌లో ఉన్నంతసేపు దానికి పనే లేదు. ఈఆర్‌పీ ఆన్ చేశాను అయినా లేస్తోంది అని బాధపడేవాళ్లకి కారణం ఇదే.

యూఎస్‌బీ వేక్ సపోర్ట్, పీసీఐ పరికరాలతో ఆన్ అవడం, ఆర్‌టీసీ (గడియారం చిప్) అలారం లాంటి ఆప్షన్లు కొన్ని బోర్డుల్లో ఉంటాయి, కొన్నిట్లో ఉండవు. ఉన్నచోట బాగా పనిచేస్తాయి. వీటికి ఉన్న గొప్ప లాభం ఏమిటంటే ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా, డ్రైవర్లు మళ్లీ వేసినా ఇవి చెక్కుచెదరవు. ఒకే యంత్రంలో విండోస్, లినక్స్ రెండూ వాడేవాళ్లకి ఇది చిన్న సౌకర్యం కాదు. నష్టం ఏమిటంటే బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు సెట్టింగులు మొదటికి రావొచ్చు, ఏది ఆఫ్ చేశామో ఆరు నెలల తర్వాత మనకే గుర్తుండదు. నేను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటాను.

నిద్ర రకం మార్చడం

డెస్క్‌టాప్‌కి ఇది అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌ని బ్యాగులో పెట్టుకుని తిరిగేవాళ్లకి మాత్రం ఇదే మొదటి మందు. ఇక్కడ నా ఓటు పరికరం స్థాయికి కాదు. మూసి ఉన్న బ్యాగులో ల్యాప్‌టాప్ లేస్తే గాలి ఆడదు, వేడెక్కుతుంది, బ్యాటరీ అయిపోతుంది. ఒకసారి బ్యాగు తెరిస్తే ఇస్త్రీపెట్టెలా కాలిపోతున్న యంత్రాన్ని చేత్తో పట్టుకున్నాను, ఆ భయం ఇంకా పోలేదు. మోడర్న్ స్టాండ్‌బైలో లేపగలిగేవి ఇన్ని ఉన్నప్పుడు ఒక్కోదాన్నీ వెతికి ఆపుతూ కూర్చోలేం.

లినక్స్‌లో మెమ్ స్లీప్ ఫైలు తెరిచి చూడండి. అందులో డీప్ అనే మాట ఉంటే మీ యంత్రానికి ఎస్3 ఉన్నట్టే. కర్నల్ పారామీటర్‌తో దాన్ని ఎప్పటికీ ఉండేలా పెట్టుకోవచ్చు. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీకి ఏ అనే అక్షరం జతచేస్తే ఏ నిద్రలు ఉన్నాయో చెబుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్3 తీసేశారు. అప్పుడు మిగిలింది హైబర్నేట్. మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి కరెంటు కట్ అవుతుంది. లేవడానికి స్లీప్ కన్నా ఎక్కువ సేపు పడుతుంది, డిస్క్ మీద చోటు కూడా కావాలి. మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా పెట్టుకుంటే ప్రయాణాల్లో నిశ్చింత. అది కూడా నూటికి నూరు పాళ్లు కాదు, కొన్ని యంత్రాల్లో టైమర్, నెట్‌వర్క్ కార్డు హైబర్నేట్ నుంచి కూడా లేపగలవు. కాబట్టి హైబర్నేట్‌కి మారినా ఆ రెండిటినీ విడిగా ఆపాల్సిందే.

ఇప్పుడు నా డెస్క్‌టాప్‌లో ఉన్నది రిసీవర్‌కి ఒక యూడెవ్ రూల్, నెట్‌వర్క్ కార్డుకి మ్యాజిక్ ప్యాకెట్ మాత్రమే. బయోస్‌లో మొదట ఆఫ్ చేసినవన్నీ మళ్లీ ఆన్ చేసేశాను. ల్యాప్‌టాప్‌లో మూత వేస్తే హైబర్నేట్. మీరు కూడా ఒక్కో మార్పు చేశాక రెండు మూడు రాత్రులు ఆగి చూడండి, ఆ తర్వాతే ఇంకోదాని మీద చెయ్యి వెయ్యండి. ఒకేసారి నాలుగూ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, అవసరం లేనివి వెనక్కి తియ్యడమూ కుదరదు.