పర్యావరణ వార్తలకు ఏది మేలు: ఆకాశవాణా, కమ్యూనిటీ రేడియోనా, ఫోన్‌లో ఆడియోనా?

విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు రోజుల్లో ఊరి గాలి, నీరు, తీరం గురించి పావుగంట వార్తా కార్యక్రమం తయారుచేసే స్వచ్ఛంద బృందం మాది. దాన్ని జనానికి చేర్చే దారి ఏదన్న ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వేధించింది.

మొదట మనసు కమ్యూనిటీ రేడియో వైపే, అంటే స్థానికులే నడుపుకునే చిన్న స్టేషన్ వైపే లాగింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు ‘సంఘం రేడియో’ అనే స్టేషన్ నడిపిన తీరు ఎవరికైనా ఉత్సాహాన్నిస్తుంది. అయితే నిబంధనల ప్రకారం కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు. ఆకాశవాణి వార్తలను మళ్లీ వినిపించవచ్చు, అంతే. సముద్ర తాబేళ్ల జీవితం గురించి ఎంతసేపైనా ముచ్చటించవచ్చు కానీ, నిన్న ఏ గెడ్డలో (వాగులో) చేపలు చచ్చి తేలాయో వార్తగా చదవడానికి వీల్లేదు. మా పనికి ప్రాణమే ఆ రెండోది. పైగా ఎఫ్‌ఎం తరంగాలు సూటిగా ప్రయాణిస్తాయి కాబట్టి, చిన్న ట్రాన్స్‌మిటర్‌కు కైలాసగిరి, యారాడ, సింహాచలం కొండలున్న ఈ ఊరు అనుకూలమైనది కాదు.

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963 నాటిది. అందులో వచ్చిన మాటను పెద్దవాళ్లు నమ్ముతారు, నగరం దాటి పల్లెల్లోనూ వింటారు. కానీ సమయం వారి చేతిలో ఉంటుంది. ఈ వారం వార్త వచ్చే నెలలో వినిపిస్తే అది వార్త కాదు.

ఇక మూడో దారి, ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపడం. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై 61 రోజులుంటుంది. ఒక ఏడాది ఆ నిషేధం మొదలయ్యే ముందు పెదజాలారిపేటలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మాటలు రికార్డు చేయబోతే, గాలి హోరు తప్ప మరేమీ వినిపించలేదు. ఆయనే భుజం మీది తువ్వాలు తీసి ఫోన్‌కు చుట్టి, ‘‘ఇప్పుడు చెప్తాను, ఇనుకోండి బాబూ’’ అన్నారు. ఇప్పటిదాకా మేము చేసిన వాటిలో అదే అన్నిటికన్నా స్పష్టంగా వచ్చింది. ఆ రాత్రే వాట్సాప్‌లో పేటంతా విన్నది.

ఈ దారికీ లోపాలున్నాయి. ఒకసారి మేము తేదీ తప్పు చెప్పాము. సవరణ పంపినా, మొదటి ఆడియో అందినవాళ్లందరికీ అది చేరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటిలా సెల్ టవర్లు మూగబోతే, బ్యాటరీ రేడియో ఉన్న ఇంటికి దిక్కుంటుంది గానీ మా శ్రోతలకు ఏమీ అందదు.

అందుకే మా నిర్ణయం ఇది. వారం వారం వార్తలు ఫోన్‌లోనే పంపుతాము. ప్రతి ఆడియో మొదట్లో తేదీ, గత వారం పొరపాట్ల సవరణ తప్పక చదువుతాము. కాలంతో పాతబడనివి ఆకాశవాణికి ఇస్తాము: భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఎలా ఏర్పడ్డాయి, విషవాయువు లీకైతే గాలి దిశను బట్టి ఎటు కదలాలి వంటివి. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో నిద్రలో ఉన్నవారికి, ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషపు ఆవిరి గురించి ముందే చెప్పిన గొంతు ఒక్కటైనా ఉండవలసింది. కమ్యూనిటీ రేడియో మాట, రోజూ గంటల తరబడి స్టేషన్ నడపగలిగే మనుషులు దొరికినప్పుడు ఆలోచిస్తాము.