బడి, గుడి, బస: ఒక ఉపాధ్యాయురాలి జపాన్ యాత్ర

జపాన్ సంప్రదాయాన్ని చూడాలని బయలుదేరే వారెవరైనా ముందుగా క్యోటో పేరే చెబుతారు. 794 నుంచి వెయ్యేళ్ళకు పైగా చక్రవర్తుల రాజధానిగా ఉన్న నగరం కనుక అది సహజమే. అయితే కియోమిజు ఆలయానికి ఎక్కే వీధిలో పగటివేళ అడుగు తీసి అడుగు వేయలేము. అద్దె కిమోనోలు కట్టుకుని ఫొటోలు దిగుతున్న వారిలో ఎక్కువమంది మనలాంటి యాత్రికులే. గియోన్ పేటలో గేషాలనే సంప్రదాయ కళాకారిణుల వెంటపడి ఫొటోలు తీసేవారి ఆగడం భరించలేక స్థానికులు 2024లో కొన్ని ప్రైవేటు సందులను యాత్రికులకు మూసివేసి, అతిక్రమిస్తే 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. ఇక అందరూ తప్పక చూడమనే స్వర్ణమందిరం 1950లో తగలబడిపోగా, 1955లో తిరిగి కట్టినది. అంటే మన నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన ఏడాదిదన్నమాట. క్యోటోలో నాకు తృప్తినిచ్చినది ఫుషిమి ఇనారి ఆలయం ఒక్కటే. రుసుము లేదు, మూసే వేళ లేదు. తెల్లవారుజామున వెళితే కొండ పైదాకా ఎర్రని తోరణాల కింద ఒంటరిగా నడవవచ్చు.

కట్టడం వయసును బట్టి సంప్రదాయాన్ని కొలిచే మన అలవాటుకు ఇసే క్షేత్రం గట్టి ప్రశ్న వేస్తుంది. సూర్యదేవత అమతెరాసు కొలువైన ఆ ఆలయాన్ని ఇరవయ్యేళ్ళకొకసారి, పక్కనే ఖాళీగా ఉంచిన స్థలంలో, అదే కొలతలతో కొత్త కలపతో కడతారు. 690లో మొదలైన ఈ ఆనవాయితీ యుద్ధాల కాలంలో కొంత తెగినా, 2013లో 62వ సారి జరిగింది; తరువాతిది 2033లో. విప్పిన కలప వృథా కాదు: గర్భగుడి పెద్ద స్తంభాలు ఆలయానికి దారితీసే ఉజి వంతెన రెండు కొసలా తోరణాలుగా నిలుస్తాయి. ఒక తరం వడ్రంగులు తరువాతి తరానికి పని అప్పగించడానికి ఇరవయ్యేళ్ళు చక్కగా సరిపోయే గడువు. చూసే వారికి మాత్రం ఇక్కడ దక్కేది తక్కువే. కంచెల మీదుగా కనిపించే గడ్డి కప్పు తప్ప లోపలి గుడి కనబడదు, అక్కడ ఫొటోలు తీయనివ్వరు. ఈ కథ తెలియకుండా వెళితే నిరాశే మిగులుతుంది.

డబ్బుకు తగిన అనుభవం కావాలనుకునే తెలుగువారికి నేను మొదట చెప్పేది కోయసాన్. ఒసాకాలోని నంబా స్టేషన్ నుంచి రైలు, ఆపైన నిటారుగా కొండెక్కే కేబుల్ కారు, తరువాత బస్సు. సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్న ఈ మఠాల ఊరు తొమ్మిదో శతాబ్దంలో కూకై అనే ఆచార్యుడు స్థాపించిన షింగోన్ బౌద్ధానికి కేంద్రం. ఆ సంప్రదాయం తన గురుపరంపరలో నాగార్జునాచార్యుని లెక్కిస్తుంది. నాగార్జునకొండ పేరు వింటూ పెరిగిన మనకు ఆ మాట వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ఒకునోయిన్ దేవదారు వనంలో రెండు లక్షలకు పైగా సమాధులున్నాయి. వాటిలో అనేకం భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశాలకు గుర్తుగా ఐదు ఆకారాలను ఒకదానిపై ఒకటి పేర్చిన రాతి స్తూపాలు. వాటి మీద సిద్ధం అనే పాత భారతీయ లిపిలో సంస్కృత బీజాక్షరాలు చెక్కి ఉంటాయి. వనం చివర కూకై ఇప్పటికీ ధ్యానంలోనే ఉన్నాడని నమ్మి, భిక్షువులు రోజుకు రెండు పూటలా ఆయనకు భోజనం మోసుకుపోతారు.

ఇక్కడి మఠాలలో యాభై వరకు యాత్రికులకు బస ఇస్తాయి. గదికి కాక మనిషికి ఇంత అని తీసుకుంటారు. రాత్రి, ఉదయం భోజనాలు అందులోనే కలిసి ఉంటాయి కనుక మొదట చూడగానే ఖరీదనిపించిన ధర లెక్క వేస్తే సబబుగానే తోస్తుంది. చాపలు పరచిన గది, నేల మీద పడక, ఉమ్మడి స్నానాల గది, సాయంత్రం ఆరింటికల్లా భోజనం. చీకటి పడితే ఊరంతా సద్దుమణుగుతుంది. సౌకర్యం చూసుకునేవారికి ఇది నచ్చదు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి అసలు పనికిరాదు. శాకాహారులకు మాత్రం దేశంలో ఇంత నిశ్చింత మరోచోట లేదు. నువ్వుల ముద్ద, ఎండబెట్టి వండిన టోఫు, కొండ కూరలు, అన్నం, అన్నిటికీ సముద్రపు నాచుతోనో పుట్టగొడుగులతోనో కాచిన రసమే ఆధారం. ఉదయం పూజ తరువాత యువ భిక్షువొకరు అగ్నిలో సమిధలు వేస్తూ మంత్రాలు చదువుతుంటే, మన ఊరి గుడిలో హోమం జరుగుతున్నట్లే ఉంది. ఆ భిక్షువే అరగంట తరువాత మాకు పళ్ళేలు తెచ్చి పెట్టారు, ఆపైన వసారా తుడిచారు.

ఆ తుడవడం దగ్గరే నా ఆలోచన బడి వైపు మళ్ళింది. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషికసాయ్ ప్రాంతంలో మా చెల్లెలి కుటుంబం ఉంటుంది. వాళ్ళ అబ్బాయి చదివే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో తల్లిదండ్రులు తరగతులు చూసే రోజున నేనూ అనుమతి తీసుకుని వెళ్ళాను; బయటివారిని ఊరికే రానివ్వరు. మధ్యాహ్నం తెల్లని టోపీలు, ఏప్రాన్లు ధరించిన పిల్లలే తోటివారికి వడ్డించారు, టీచరు వారితోపాటే, అదే భోజనం తిన్నారు. నెల భోజనాల పట్టిక ముందే ఇంటికి వస్తుందట. శాకాహార ఏర్పాటు లేకపోవడంతో మా చెల్లెలి కొడుకు డబ్బా తీసుకువెళతాడు. భోజనం తరువాత పాట మోగగానే బల్లలు వెనక్కి జరిపి, పిల్లలు వంగి వరుసగా తడిగుడ్డలతో నేల తుడిచారు.

ఈ దృశ్యాన్ని మన బడులకు ఆదర్శంగా చూపే వీడియోలు చాలా వస్తుంటాయి కానీ, నేను అంత తేలికగా ఒప్పుకోలేను. మన దగ్గర చీపురు ఏ పిల్ల చేతికి వస్తుందన్నది చాలాకాలం కులమే తేల్చింది. పిల్లలతో బడి ఊడిపిస్తే తల్లిదండ్రులు చెప్పే అభ్యంతరంలో ఆ గాయం ఉంది. అక్కడ అది అందరికీ వంతుల వారీగా రావడం వల్లనే చిన్నతనమనిపించదు. అలాగని జపాన్‌లో వృత్తిని బట్టి మనుషులను వెలివేసిన చరిత్ర లేదనుకోరాదు. తోలు పని, కసాయి పని చేసిన బురాకుమిన్‌ల కథ మనకు చాలా దగ్గరగా ఉంటుంది. అందరూ ఒకేలా నడవాలన్న ఆ క్రమశిక్షణకు మరో వైపూ ఉంది: 2023 విద్యాసంవత్సరంలో ప్రాథమిక, మాధ్యమిక తరగతుల పిల్లలు 3 లక్షల 40 వేల మందికి పైగా దీర్ఘకాలం బడికి దూరమయ్యారని అక్కడి విద్యాశాఖ లెక్కలే చెబుతున్నాయి.

ఇక ప్రయాణ సేవల సంగతి. జపాన్ రైల్వేల (జెఆర్) ఏడు రోజుల పాస్ 2023 అక్టోబరులో 29,650 నుంచి 50,000 యెన్‌లకు పెరిగింది; టోక్యో, క్యోటో, ఒసాకా మాత్రమే తిరిగేవారికి విడి టికెట్లే చవక. పెద్ద పెట్టెలను ఒక హోటల్ నుంచి మరో హోటల్‌కు పంపే కొరియర్ సేవ మాత్రం ప్రతి యెన్‌కూ న్యాయం చేస్తుంది. సాధారణంగా మరునాటికి పెట్టె అక్కడుంటుంది. చెత్తబుట్టలు దాదాపు కనబడవు కనుక చేతిసంచిలో ఒక కవరు తప్పనిసరి. శాకాహారులు కూరగాయల నూడుల్స్ అన్న మాటను నమ్మి కూర్చోరాదు. క్యోటోలో ఒక బసలో చేపలు వద్దని ముందే రాసి పంపినా చేపపొరల రసంతో చేసిన పులుసు పెట్టారు. అడిగితే అందులో చేప ముక్కలు లేవు కదా అని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు.

ఉపాధ్యాయులకు ఒక అనుకూలత ఉంది. వారి విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలై, వేసవి సెలవులు జూలై చివరిలో వస్తాయి. మన వేసవి సెలవుల్లో వెళితే అక్కడి బడులు నడుస్తూనే ఉంటాయి. ఏప్రిల్ చివర, మే మొదటివారంలో వచ్చే వరుస సెలవుల రద్దీని వదిలి, వానాకాలం మొదలయ్యే జూన్‌కు ముందుగా, మే నడుమ ప్రయాణం పెట్టుకోవడం మేలు.