నాలుగు ప్యాడ్లు, ఎనిమిదేళ్లు: పాత ఆటలకు ఏ కంట్రోలర్ నిలిచింది

కొత్త ప్యాడ్ చేతికి రాగానే స్ట్రీట్ ఫైటర్ 2 తెరుస్తాను. నేను ఆడించే యోధుడు ర్యూ తెరకు ఎడమ పక్కన నిలబడి ఉంటాడు. కింద, కింద-కుడి మూల, కుడి, వెంటనే పంచ్. సరిగ్గా కుదిరితే అతని చేతుల నుంచి హడోకెన్ అనే శక్తి గోళం దూసుకెళ్తుంది. ఇలా వరసగా ఇరవై సార్లు. తర్వాత ప్రత్యర్థి మీదుగా అటు పక్కకు దూకి, ఎడమ వైపుకు మరో ఇరవై. ఇరవైలో పద్దెనిమిది హడోకెన్లు పడితే ఆ ప్యాడ్ ఇంట్లో ఉంటుంది. పన్నెండే పడితే, దాని మీద ఎంత పెద్ద పేరు రాసి ఉన్నా పాత ఆటలకు అది పనికిరాదని తేల్చేస్తాను. తప్పు నా వేళ్లదేమోనన్న అనుమానం మొదట్లో ఉండేది. అదే చేతులతో మరో ప్యాడ్ మీద పంతొమ్మిది పడిన రోజున ఆ అనుమానం తీరిపోయింది.

ఎనిమిదేళ్లుగా కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ మీద, అంటే కంప్యూటర్‌ను పాత గేమ్ యంత్రంలా నడిపించే ప్రోగ్రాం మీద, ఆడుతున్నాను. ఎక్కువగా 8-బిట్, 16-బిట్ కాలం ఆటలు, అప్పుడప్పుడు మొదటి ప్లేస్టేషన్‌వి. 1990లలో మా ఊరి బజారులో గంటకు ఇంత అని తీసుకుని టీవీ ముందు కూర్చోబెట్టే దుకాణం ఒకటి ఉండేది. కాంట్రా, మారియో, ట్యాంకుల ఆట అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఆ ఆటలను మళ్లీ కీబోర్డు మీద మొదలుపెట్టినప్పుడు రెండు వారాలు కూడా నిలవలేకపోయాను. చాలా మామూలు కీబోర్డులు కొన్ని మీటలను ఒకేసారి నొక్కితే మూడోదాన్ని గుర్తించవు. నా కీబోర్డులో పై బాణం, ఎడమ బాణం పట్టుకుని స్పేస్ నొక్కితే ఏమీ జరిగేది కాదు. మూలగా గురిపెట్టి కాల్చాల్సిన ఆటలో అది సర్దుకుపోగలిగే లోపం కాదు. అలా ప్యాడ్ల వేట మొదలైంది.

మొదటిది రూ.400 లోపు దొరికిన జత. ప్లేస్టేషన్ ప్యాడ్ ఆకారం, ఒకే యుఎస్‌బి పిన్ను నుంచి రెండు తీగలుగా చీలి ఇద్దరికీ పనికొచ్చే రకం. ఈ ధరలో దొరికేవాటిని తక్కువ చేసి మాట్లాడను. ఎంతోమంది ఎమ్యులేటర్ ఆటలను వీటితోనే మొదలుపెట్టారు, నేనూ అంతే. కానీ ఏడాది పైగా వాడాక వీటి జబ్బేమిటో బాగా అర్థమైంది.

జబ్బు డి-ప్యాడ్‌లో, అంటే దిశల కోసం నొక్కే ప్లస్ ఆకారపు బటన్‌లో ఉంది. ప్యాడ్ విప్పి చూస్తే లోపల రబ్బరు పొర, దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్లలు, వాటి కింద సర్క్యూట్ బోర్డు కనిపిస్తాయి. బటన్ నొక్కితే బిళ్ల బోర్డును తాకి దారి కలుపుతుంది. ఖరీదైన ప్యాడ్లలోనూ చాలావాటికి ఇదే పద్ధతి, కాబట్టి రబ్బరును తప్పుపట్టలేం. తేడా అంతా ఆ ప్లస్ గుర్తు కింద, సరిగ్గా మధ్యలో ఉండాల్సిన చిన్న ఇరుసులో ఉంది. ఇరుసు గట్టిగా ఉంటే డి-ప్యాడ్ తూగుబల్లలా పనిచేస్తుంది: కుడి దిగితే ఎడమ లేస్తుంది, పైనా కిందా కదలకుండా ఉంటాయి. ఇరుసు లేకపోయినా, పొట్టిగా ఉన్నా ఆ ప్లస్ మొత్తం మెత్తటి పరుపులోకి దిగినట్లు కుంగిపోతుంది. కుడి అనుకుని నొక్కితే పైనో కిందో కూడా తగులుతుంది.

దాని ఫలితం కాంట్రాలో స్పష్టంగా తెలుస్తుంది. కుడికి పరుగెత్తుతూ ఉండగా పై బిళ్ల పొరపాటున తగిలిందంటే తుపాకీ మూలగా పైకి లేస్తుంది, ఎదురుగా వస్తున్న సైనికుడి తల మీదుగా గుళ్లు పోతాయి. కింది బిళ్ల మాత్రమే తగిలితే ఉన్నచోటే బోర్లా పడుకుంటాడు. ఒక్క గుండుకే ప్రాణం పోయే ఆటలో ఇలా చావడం అన్యాయం. ఎందుకంటే మనం సరిగ్గానే ఆడాం.

డి-ప్యాడ్ గొడవ పాతదే, పరిష్కారమూ పాతదే. నింటెండోలో గున్‌పెయ్ యొకోయ్ ఈ ప్లస్ ఆకారాన్ని 1982లో అరచేతిలో పట్టే డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ కోసం రూపొందించారు. మరుసటి ఏడాది జులైలో వచ్చిన నింటెండో గేమ్ యంత్రం ఫ్యామికామ్ ప్యాడ్‌లోనూ అదే పెట్టారు. చూపు తెర మీదే ఉంచి, బొటనవేలు ఎటు ఒరిగిందో చర్మంతోనే తెలుసుకోవచ్చు. నలభై ఏళ్ల క్రితమే అంత చక్కగా కుదిరిన వస్తువును ఇప్పుడు తయారుచేసేవారు ఇంత అశ్రద్ధగా ఎందుకు చేస్తారో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ జతతో మరో చిక్కు మధ్యలో ఉండే అనలాగ్ బటన్. దాని దీపం ఆరి ఉంటే డి-ప్యాడ్ కదలికలు ఎడమ స్టిక్ (బొటనవేలితో ఎటైనా వంచే చిన్న పుల్ల) కదలికల్లా కంప్యూటర్‌కు చేరతాయి, కుడి స్టిక్కేమో నాలుగు బటన్ల అవతారం ఎత్తుతుంది. దీపం వెలిగితే అన్నీ వేరే పేర్లతో వెళ్తాయి. ఒక స్థితిలో ఉండగా ఎమ్యులేటర్‌లో బటన్లు కుదుర్చుకుని, మర్నాడు మరో స్థితిలో తెరిస్తే ఏదీ పనిచేయదు. ప్యాడ్ చెడిపోయిందనుకుని చాలామంది పక్కన పడేసేది ఇక్కడే. ముందు ఆ దీపం చూడండి. విండోస్‌లో రన్ పెట్టె తెరిచి joy.cpl అని కొడితే ప్యాడ్‌ను పరీక్షించే కిటికీ వస్తుంది. ఏది నొక్కితే ఏది వెలుగుతోందో కళ్లారా కనిపిస్తుంది.

పద్నాలుగో నెలలో కుడి దిశ మొరాయించింది. విప్పి, దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది బోర్డునూ బిళ్లలనూ తుడిస్తే మరో నాలుగు నెలలు నడిచింది. ఆ తర్వాత కార్బన్ అరిగిపోయింది.

ఈసారి డబ్బుకు వెనకాడకూడదని ఒక పేరున్న కంపెనీ ప్యాడ్ తీసుకున్నాను. కొత్త ఆటల కోసం చేసింది. రెండు స్టిక్కులు, వేలు ఎంత లోతుకు నొక్కితే అంతే స్పందించే ట్రిగ్గర్లు, చేతికి నిండైన పట్టు. తీగ పెట్టిన క్షణంలో కంప్యూటర్ గుర్తుపట్టింది. విండోస్‌లో ప్యాడ్లతో మాట్లాడటానికి రెండు పద్ధతులున్నాయి. పాతది డైరెక్ట్‌ఇన్‌పుట్, ఎక్స్‌బాక్స్ 360 కాలంలో వచ్చింది ఎక్స్‌ఇన్‌పుట్. రెండోదానిలో ప్రతి బటన్‌కూ ముందే స్థిరమైన స్థానం ఉంటుంది కాబట్టి కుదుర్చుకునే పని దాదాపు ఉండదు. అయితే దానిలో నాలుగు ప్యాడ్లకే చోటు. కొన్ని పాత ఎమ్యులేటర్లకు డైరెక్ట్‌ఇన్‌పుట్ మాత్రమే తెలుసు. అందుకే రెండు పద్ధతుల మధ్య మార్చుకునే వీలున్న ప్యాడ్ కొనడం మంచిదని నా నమ్మకం.

నింటెండో 64 ఆటలకు ఆ ప్యాడ్ ఎంతో బాగుండేది. ఆ యంత్రం ప్యాడ్‌లో ఒకే స్టిక్కు, నాలుగు పసుపు సి-బటన్లు, కింద దాగిన జెడ్ మీట ఉంటాయి. సి-బటన్లను కుడి స్టిక్కుకూ, జెడ్‌ను ఎడమ ట్రిగ్గర్‌కూ ఇస్తే వేళ్లు ఒక్క పూటలో అలవాటుపడతాయి. ప్లేస్టేషన్ కారు పందేలకూ సాటిలేదు. కానీ నా హడోకెన్ పరీక్షలో ఇరవైకి పదకొండు. ఆ ప్యాడ్‌లో రాజు స్టిక్కే, డి-ప్యాడ్‌ను ఆయుధాలు మార్చుకోవడానికి పెట్టినట్లుంది. ప్యాక్‌మ్యాన్ ఆడితే మలుపు దగ్గర తిరగాల్సినవాడు నేరుగా వెళ్లి దయ్యం నోట్లో పడేవాడు.

రెండున్నరేళ్లకు ఎడమ స్టిక్కు తనంతట తాను పక్కకు జరగడం మొదలైంది. చెయ్యి తీసేసినా బొమ్మ నడుస్తూనే ఉండేది. మామూలు స్టిక్కుల అడుగున పొటెన్షియోమీటర్లు ఉంటాయి. లోపలి పట్టీ మీద లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది, కాలం గడిచేకొద్దీ పట్టీ అరుగుతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్కులో ఈ రాపిడి ఉండదు. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ ప్యాడ్‌లోనే ఉంది. స్టిక్కులతో ఎక్కువగా ఆడే ఆలోచన ఉంటే పెట్టె మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనండి. ఎమ్యులేటర్ అమరికల్లో డెడ్‌జోన్ (స్టిక్కు ఎంత కదిలేదాకా పట్టించుకోకూడదో ఆ హద్దు) పెంచి నేను మరో ఏడాది నెట్టుకొచ్చాను. కానీ మెల్లగా నడవాల్సిన చోట కూడా పరుగెత్తడం తప్ప దారి లేకపోయింది.

మధ్యలో ఒక మిత్రుడి దగ్గర మూలన పడి ఉన్న అసలైన ప్లేస్టేషన్ 2 ప్యాడ్‌ను యుఎస్‌బి అడాప్టర్‌తో కలిపి ఆరు నెలలు వాడాను. ప్యాడ్ ఆణిముత్యం. అడాప్టర్‌తో మాత్రం అప్పుడప్పుడు ఉన్నట్టుండి కంప్యూటర్‌తో సంబంధం తెగిపోయేది. పాత ప్యాడ్ ఇంట్లో ఉన్నవారు మంచి అడాప్టర్ దొరికితే ఆ దారిలోనే వెళ్లమంటాను.

నాలుగేళ్లుగా నా చేతిలో ఉన్నది 8బిట్‌డో వారి ఎస్‌ఎన్30 ప్రో. 1990 నవంబరులో జపాన్‌లో వచ్చిన సూపర్ ఫ్యామికామ్ ప్యాడ్ ఆకారానికి రెండు స్టిక్కులు చేర్చిన రూపం. బ్లూటూత్ ఉన్నా నేను ఎప్పుడూ తీగతోనే ఆడతాను. స్టార్ట్, ఎక్స్ కలిపి నొక్కి ఆన్ చేస్తే ఎక్స్‌ఇన్‌పుట్, స్టార్ట్, బి కలిపి నొక్కితే డైరెక్ట్‌ఇన్‌పుట్. హడోకెన్ పరీక్షలో మొదటి రోజు పంతొమ్మిది, ఎడమ వైపు పద్దెనిమిది. నాలుగేళ్ల తర్వాత, ఇది రాయడానికి ముందు, మళ్లీ చూశాను: పద్దెనిమిది, పద్దెనిమిది. రబ్బరు కాస్త మెత్తబడింది, ఇరుసు మాత్రం చెక్కుచెదరలేదు.

కుదుర్చుకోవడంలో ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు దీన్ని ఎవరూ చెప్పలేదు. నింటెండో ప్యాడ్లలో ఎ కుడి పక్కన, బి కింద ఉంటాయి. ఎక్స్‌బాక్స్ వరసలో ఎ కింద, బి కుడి పక్కన. ఎన్నో ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే రెట్రోఆర్క్ ప్రోగ్రాం తన ఊహా ప్యాడ్‌ను నింటెండో వరసలోనే పెట్టుకుంది. కాబట్టి అక్షరాన్ని కాదు, స్థానాన్ని చూసి బటన్లు ఇవ్వాలి. పాత 8-బిట్ ఆటలకు ఇంకో అడుగు ముందుకు వెళ్లాలి. సూపర్ మారియోలో బి పట్టుకుంటే పరుగు, ఎ నొక్కితే గెంతు. అసలు ప్యాడ్‌లో ఆ రెండూ పక్కపక్కన ఉంటాయి. బొటనవేలి కొసతో బి పట్టుకుని, వేలి మధ్య కండతో ఎ నొక్కేవాళ్లం. నాలుగు బటన్ల ప్యాడ్‌లో పరుగును వై మీదకూ, గెంతును బి మీదకూ మార్చితే ఆ పాత ఒరవడి తిరిగి వస్తుంది. మార్చిన రోజు మొదటి లోకం నాలుగు దశలూ ఒక్క ప్రాణంతో దాటాను. పాతికేళ్ల కిందటి కదలిక వేలికి అలాగే గుర్తుంది.

పోరాట ఆటలే ప్రాణమైనవారికి ముందు వైపున ఆరు బటన్లున్న ప్యాడ్ కావాలి. స్ట్రీట్ ఫైటర్ 2కు మూడు పంచ్‌లు, మూడు కిక్‌లు. నాలుగు బటన్ల ప్యాడ్‌లో మిగిలిన రెండూ ప్యాడ్ పై అంచున ఉండే భుజం బటన్ల మీదకు పోతాయి. సెగా 1993లో తన గేమ్ యంత్రం మెగా డ్రైవ్‌కు ఆరు బటన్ల ప్యాడ్ తెచ్చింది ఇందుకే. ఆ ఆకారంలో యుఎస్‌బి ప్యాడ్లు ఇప్పుడూ దొరుకుతున్నాయి.

బటన్ నొక్కడానికీ తెర మీద బొమ్మ కదలడానికీ మధ్య ఉండే ఆలస్యం గురించి అందరూ అడుగుతారు. సెకనుకు 60 చిత్రాల ఆటలో ఒక్కో చిత్రం దాదాపు 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది. మామూలు యుఎస్‌బి ప్యాడ్‌ను కంప్యూటర్ సెకనుకు 125 సార్లు పలకరిస్తుంది, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. ఎంత చెడ్డగా లెక్కేసినా ప్యాడ్‌ను పలకరించడం వల్ల పోయేది అర చిత్రమే. నన్ను ఏడాది పాటు వేధించిన ఆలస్యం ప్యాడ్‌లో లేనేలేదు, టీవీలో ఉంది. బొమ్మను అందంగా చూపడానికి టీవీ చేసే పనులన్నీ ఆపి గేమ్ మోడ్ పెట్టగానే మారియో నా వేలితోపాటే గెంతాడు. రెట్రోఆర్క్‌లో 2018లో వచ్చిన రన్-అహెడ్ అనే సదుపాయం ఆట లోపలే ఉండే ఆలస్యాన్ని కూడా తగ్గిస్తుంది. కొత్త ప్యాడ్‌కు డబ్బు పెట్టే ముందు ఈ రెండూ చేసి చూడండి.

ఆకారం చిన్నది కాబట్టి ఎస్‌ఎన్30 ప్రోతో రెండు గంటలు దాటి స్టిక్కు ఆటలు ఆడను. వాటికి పెద్ద పిడులున్న ప్యాడ్ ఒకటి పక్కన ఉంచుకున్నాను. ఆ చిన్న ఆకారమే మా అమ్మాయికి మాత్రం అచ్చంగా సరిపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల. పెద్ద ప్యాడ్ పట్టుకుంటే బొటనవేలు డి-ప్యాడ్ అవతలి అంచుకు అందేది కాదు. వేసవి సెలవుల్లో దీన్ని చేతికిచ్చి, కింద, మూల, కుడి, పంచ్ అని ఒక్కసారి చూపించాను. మొదటి రోజంతా ఒక్కటీ పడలేదు, పట్టువిడవకుండా కూర్చుంది. మూడో రోజు సాయంత్రం వరసగా ఏడు వేసి, "నాన్నా, ఎడమ వైపు కూడా వస్తోంది చూడు" అంటూ వంటింట్లో ఉన్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.