ఒకే కెఫే, రెండు చిత్రాలు: వాన్ గో, గోగాఁ

ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో జినూ దంపతులు నడిపిన కెఫేను 1888లో ఇద్దరు పోస్ట్ ఇంప్రెషనిస్టులు (ఇంప్రెషనిజం తర్వాతి తరం చిత్రకారులు) తైలవర్ణాల్లో వేశారు. వాన్ గో సెప్టెంబరులో, పాల్ గోగాఁ నవంబరులో.

వాన్ గో మూడు రాత్రులు మేలుకొని, పగళ్లు నిద్రపోయి వేశాడు. నెత్తురు రంగు గోడలు, ఆకుపచ్చ పైకప్పు, నడుమ బిలియర్డ్స్ బల్ల, పసుపు దీపాల చుట్టూ గిర్రున తిరిగే వెలుగు. గడియారంలో పన్నెండుంబావు. బల్లల మీద తలవాల్చిన మనుషులు గోడవారకు ఒదిగిపోయారు. నేలైతే మన మీదికే జారి వస్తున్నట్టుంటుంది. ఎరుపు, ఆకుపచ్చలతో మనిషిలోని భయంకరమైన ఉద్వేగాలను చెప్పాలనుకున్నానని తమ్ముడు థియోకు రాశాడు. చూస్తే అది అక్షరాలా నిజమనిపిస్తుంది.

గోగాఁ చిత్రంలోనూ ఎర్ర గోడ, బిలియర్డ్స్ బల్ల ఉన్నాయి. కానీ ముందు కూర్చున్నది మదామ్ జినూ, చెంపకు చెయ్యి ఆనించి, ఓరచూపుతో. మిగతావాళ్లంతా ఆమె వెనక, పొగచారల మాటున. రంగులు చదునుగా, గీతలు నిబ్బరంగా ఉంటాయి. కూర్పులో ఇదే మెరుగని ఒప్పుకుంటాను. అయినా నా మనసు వాన్ గో వైపే: గోగాఁ అక్కడి మనుషుల్ని దూరం నుంచి గమనించాడు, వాన్ గో వాళ్ల ఒంటరితనాన్ని పంచుకున్నాడు.

రెండింటినీ మాస్కో వ్యాపారి ఇవాన్ మొరోజోవ్ కొన్నాడు. రష్యా విప్లవం తర్వాత అవి ప్రభుత్వపరమయ్యాయి. 1933లో సోవియట్ ప్రభుత్వం వాన్ గో చిత్రాన్ని అమ్మేసింది. అది ఇప్పుడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ గ్యాలరీలో ఉంది. గోగాఁది మాస్కో పుష్కిన్ మ్యూజియంలోనే ఉండిపోయింది.