బీఎస్ఎన్ఎల్ ఫైబర్: బోర్డు సర్కారుది, తీగ భాగస్వామిది

విదేశీ కాల్స్ చూసిన ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్‌లో 25 శాతం వాటాను 2002లో టాటాలకు అమ్మారు. బీఎస్ఎన్ఎల్‌ను అలా అమ్మలేదు. 2000 అక్టోబరు 1న కంపెనీగా పని మొదలుపెట్టినా వాటా మొత్తం కేంద్రానిదే. కానీ ఫైబర్ విషయానికొస్తే, ఎక్స్ఛేంజి దాటాక చాలాచోట్ల తీగ లాగేదీ రిపేరు చేసేదీ ఆదాయంలో వాటా తీసుకునే స్థానిక ప్రైవేటు భాగస్వామే. చప్పుడు లేని సగం ప్రైవేటీకరణ అన్నమాట. అందుకే అదే ప్లాన్ ఒక వీధిలో భేషుగ్గా, పక్క వీధిలో నీరసంగా ఉంటుంది. ప్లాన్ కన్నా ముందు మీ ఏరియా భాగస్వామి ఎలాంటివాడో వాకబు చేయండి.

ఫైబర్ తీగలో పారేది వెలుగు. బిగించే రోజే ఆ వెలుగు బలాన్ని కొలిచే పవర్ మీటరు రీడింగ్ చూపించమనండి. మైనస్ 20 డీబీఎం (ఆ బలానికి కొలమానం) చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. మైనస్ 27కి దిగజారితే మోడెం అందుకోగలిగే హద్దు అదే, లైను ఎప్పుడైనా పడిపోవచ్చు. తీగ చివరి పచ్చ కనెక్టరు కొస 8 డిగ్రీల ఏటవాలు. దాన్ని ఏటవాలు లేని నీలం అడాప్టరులో గుచ్చితే వెలుగు చాలావరకు ఆ అతుకు దగ్గరే పోతుంది. తలుపు సందులో తీగ నలిగినా అంతే.

మోడెం మీద ఎల్ఓఎస్ (LOS, సిగ్నల్ లేదని చెప్పే) దీపం ఎర్రగా కొట్టుకుంటుంటే మోడెం ఆపి మళ్లీ వేయడం దండగ, తీగలో వెలుగే రావట్లేదు. పాన్ (PON, ఎక్స్ఛేంజితో లంకె చూపే) దీపం మినుకుమంటుంటే వెలుగు వస్తోంది, ఎక్స్ఛేంజిలో రిజిస్టర్ కావట్లేదు. ఫిర్యాదులో ఈ తేడా చెప్పండి.

పాత రాగి తీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఫైబర్ మోడెంకు రాదు, ఇంట్లో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. 12 వోల్టుల మినీ యూపీఎస్ కొనాల్సిందే. మోడెం పవర్ అడాప్టరు మీద ఆంపియర్లు చూసి మరీ.