వాతావరణం బొమ్మల పుస్తకాలు: చిన్నపిల్లలకి ఏది మేలు?

మా అక్క కూతురికి నాలుగేళ్ళు. పోయిన అక్టోబర్లో దాని పుట్టినరోజుకి ఎవరో రుతువుల మీద ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఇచ్చారు. అందులో అక్టోబర్ పేజీ నిండా నారింజరంగు చెట్లు, కింద కుప్పలుగా రాలిన ఆకులు. పిల్ల ఆ పేజీ అలాగే పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, "పిన్నీ, మన వేపచెట్టు ఆకులు రాల్చలేదేం?" అంది. బయట మూడు రోజులుగా ముసురు. చెట్టు పచ్చగా తడిసి నిగనిగలాడుతోంది.

మన దగ్గర వేప ఆకు రాల్చేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఉగాదికల్లా చిగురు, పూత. ఆ పుస్తకం తప్పు కాదు, అది వేరే ఊరి ఆకాశం. పిల్లకి మాత్రం అది తెలియదు కదా. అప్పటినుంచీ ఏ పుస్తకం కొన్నా ఈ ప్రశ్నే గుర్తొస్తుంది.

ఇంగ్లీషు పుస్తకాల్లో మంచి గుణం లేకపోలేదు. అట్ట పేజీలు గట్టిగా ఉంటాయి, రెండేళ్ళ పిల్లలు నోట్లో పెట్టుకున్నా చిరగవు. తెలుగులో అలాంటివి తక్కువే, ఎక్కువగా పల్చటి కాగితమే. కానీ చాలావాటిలో నవ్వుతున్న సూర్యుడంటే మంచిరోజు, వానంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఇంట్లో కూర్చునే రోజు. మే నెలలో రెంటచింతల ఎండకి ఆ నవ్వుముఖం ఎలా అతుకుతుంది? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనుకునే మనం మృగశిర చినుకు కోసం ఆకాశం కేసి చూస్తాం. మన పిల్లలకి వాన దిగులుగా పరిచయం కావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. న్యూజెర్సీ లాంటిచోట పెరుగుతున్న మన పిల్లల సంగతి వేరు. వాళ్ళ కిటికీలోంచి కనిపించేది ఆ నారింజ చెట్టే, కాబట్టి వాళ్ళకి ఆ పుస్తకమే ముందు.

ఇక తెలుగు బొమ్మల పుస్తకాలు. మంచి పుస్తకం, తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటివాళ్ళు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో అయితే తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా పెట్టారు, ప్రింట్ తీసుకోవచ్చు. అనువాదాలు అన్నీ ఒకేలా ఉండవు, కొన్ని బిగుసుకుపోయి ఉంటాయి. అందుకే పిల్లకి చూపించే ముందు ఒకసారి పైకి చదువుకోండి, నాలుక తడబడితే వదిలేయండి. వీటితో నాకు దొరికిన పెద్ద లాభం మాటలు. తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత, రాళ్ళవాన. ఇంగ్లీషు పుస్తకంతో మా పిల్లకి వచ్చింది 'రెయిన్' ఒక్కటే. ఇప్పుడు పొద్దున్నే లేచి, "ఇవాళ తుంపరే, గొడుగు వద్దు" అంటుంది. తేడా చూడటం నేర్చుకుందన్నమాట.

సైన్సు పుస్తకాలు, అంటే నీటిచక్రం బాణం గుర్తులతో చూపించేవి, ఆరేళ్ళ లోపు తొందరే. ఒక్క ఉరుముల పేజీ మాత్రం ముందే పనికొచ్చింది. పిల్ల ఉరిమితే వణికిపోయేది. మెరుపు, ఉరుము ఒకేసారి పుట్టినా శబ్దం ఆలస్యంగా వస్తుందని బొమ్మ చూపించి, మెరవగానే ఇద్దరం సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాం. మూడు సెకన్లకి దాదాపు ఒక కిలోమీటరు దూరం. ముప్పై లోపు ఉరిమితే చెట్టు కింద నిలబడకూడదు, గబగబా ఇంట్లోకి రావాలి. లెక్కలో పడి ఏడుపు మర్చిపోయింది.

అయితే వీటన్నిటికంటే నేను ముందు పెట్టేది గోడమీది తేదీల కేలండర్ని. పెద్ద గళ్ళుండేది చాలు. రోజూ సాయంత్రం పిల్లే ఆ గడిలో ఎండో, మబ్బో, చినుకో గీస్తుంది. నెలాఖరుకి చినుకులు లెక్కపెడతాం. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పున్న సీసా ఆరుబయట పెట్టి, వాన వెలిశాక స్కేలుతో కొలుస్తాం. ఒక సెంటీమీటరు నీళ్ళు నిలిస్తే వార్తల్లో చెప్పే ఒక సెంటీమీటరు వర్షపాతం అదే. టీవీలో ఆ మాట వినగానే పిల్ల సీసా తెచ్చి చూపిస్తుంది. ఏ పుస్తకమూ ఇంత పని చెయ్యలేదు. అలాగని కేలండర్ ఒక్కటే చాలదు. తుఫాను, మంచు మా ఊళ్ళో రోజూ రావు, వాటికి బొమ్మ కావాల్సిందే.

డబ్బు ఒక్కదానికే ఉందంటే కేలండర్ పెట్టుకుని, స్టోరీవీవర్ నుంచి వాన కథలు రెండు ప్రింట్ తీసుకోండి. ఇంకాస్త ఉంటే తెలుగు పుస్తకం ఒకటి కొనండి. ఇంట్లో ఇప్పటికే ఇంగ్లీషు పుస్తకం ఉంటే దాచేయక్కర్లేదు. ఆ అక్టోబర్ పేజీ తెరిచినప్పుడు మేం పక్కనే గ్లోబు పెట్టుకుంటున్నాం. ఆ చెట్టు ఎక్కడుందో వేలుపెట్టి చూపించాక, "మన చెట్టు ఎప్పుడు రాలుస్తుంది?" అని తనే అడిగింది. ఫిబ్రవరి గడిలో చిన్న ఆకు గీసి పెట్టాం.