మెడికల్‌కి ఎటెళ్తే మేలు: హైదరాబాదా, చెన్నయా, ముంబయా?

ముందే చెప్పేస్తాను, అమెరికా వీసా కోసం చేయించుకునే వైద్య పరీక్షకి నా ఓటు హైదరాబాదుకి. అదీ ఇంటర్వ్యూకి మూడు నాలుగు వారాల ముందు. ముంబైలో ఇంటర్వ్యూ పెట్టుకొని హైదరాబాదుకి వేరే ప్రయాణం ఎందుకని మా మామగారు కూడా అడిగారు. ఆయన లెక్క తప్పేం కాదు. ఒక్క ప్రయాణంలో రెండు పనులు. కానీ ఆ లెక్క అన్నీ సవ్యంగా జరిగితేనే సరిపోతుంది. మా పిన్ని కూతురి విషయంలో సరిపోలేదు.

భర్త అమెరికా పౌరుడై, భార్య సీఆర్-1 అనే భార్యాభర్తల వీసా మీద వెళ్ళేటప్పుడు ఈ వైద్య పరీక్ష తప్పదు. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో మనకి తెలిసిన డాక్టరు గారు ఎంత పెద్ద చదువు చదివినా ఆయన రాసిచ్చిన కాగితం పనికిరాదు. కాన్సులేటు ఆమోదించిన ప్యానెల్ డాక్టరే చెయ్యాలి. నేను జాబితా చూసినప్పుడు వైజాగ్ పేరు అందులో లేదు. మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళు మామూలుగా ఆలోచించేవి మూడు ఊళ్ళు, హైదరాబాద్, చెన్నై, ముంబై. ఇంటర్వ్యూ ముంబైలో పడినంత మాత్రాన మెడికల్ కూడా అక్కడే చేయించుకోవాలని రూలేమీ లేదు. మన దేశంలో ప్యానెల్‌లో ఉన్న ఏ డాక్టరు దగ్గరైనా చేయించుకోవచ్చు.

ప్రయాణం సంగతి తొందరగా తేల్చేస్తాను. హైదరాబాదుకి విశాఖ ఎక్స్‌ప్రెస్ శ్రీకాకుళం రోడ్‌లోనూ విజయనగరంలోనూ ఆగుతుంది. వైజాగ్ దాకా వెళ్ళగలిగితే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది, సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం. చెన్నైకి హౌరా మెయిల్. ముంబైకి కోణార్క్ ఎక్స్‌ప్రెస్, ఎక్కితే రెండు రాత్రుళ్ళు, మధ్యలో ఒక పగలు రైల్లోనే. నేను వెళ్ళినప్పుడు విమానమంటే మూడింటికీ వైజాగ్ వెళ్ళాల్సిందే. సిక్కోలు వాళ్ళకి శ్రీకాకుళం రోడ్ స్టేషనున్న ఆమదాలవలసకి పోవడమే సగం ప్రయాణం అనిపిస్తుంది, అది వేరే కథ.

అసలు తేడా మాటలో ఉంది. దీని గురించి ఎవరూ చెప్పరు.

డాక్టరు మొదట కూర్చోబెట్టి పాత జబ్బులన్నీ అడుగుతారు. చిన్నప్పుడు ఏం వచ్చింది, ఆసుపత్రిలో ఎప్పుడైనా ఉన్నారా, మూర్ఛ ఉందా, మనసు బాగోక మందులు వాడారా, మందు, సిగరెట్టు, మత్తు అలవాట్లు. నాకు నాలుగో తరగతిలో నిమ్ము చేసింది. మా ఇంట్లో అందరూ అనే మాట అదే, "ఊపిరితిత్తుల్లో నిమ్ము". కానీ మన ఊళ్ళలో న్యుమోనియాని నిమ్మంటారు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే నిమ్మంటారు, టీబీ అన్న మాట నోటితో అనడం ఇష్టంలేక దాన్నీ నిమ్మనే అంటారు. అమెరికా వైద్య పరీక్షలో ఈ మూడూ ఒకటి కావు. హైదరాబాదులో డాక్టరమ్మ తెలుగావిడ కాబట్టి "ఎన్ని రోజులు మందులు వాడావమ్మా? ఆరు నెలలా, పది రోజులా?" అని అడిగింది. పది రోజులు అన్నాను. ఆవిడ తలూపి న్యుమోనియా అని రాసుకుంది. అదే మాట నేను ముంబైలో నా ఇంగ్లీషులో చెప్పి ఉంటే "లంగ్స్‌లో వాటర్" అనే చెప్పేదాన్ని. ఆ తర్వాత ఏమయ్యేదో ఊహించుకోవడం కష్టం కాదు. చెన్నైలో తెలుగు కొంత నడుస్తుంది గానీ, ఎదురుగా కూర్చున్న డాక్టరుకి వస్తుందో రాదో మన అదృష్టం.

మా పిన్ని కూతురికి చిన్నప్పుడు నిజంగానే టీబీ. ఆరు నెలలు మందులు మింగింది, పూర్తిగా నయమైంది. ఆ మందులిచ్చిన కార్డు ఇంట్లో ఎవరూ జాగ్రత్త చెయ్యలేదు. ఇంటర్వ్యూకి నాలుగు రోజుల ముందు ముంబైలో మెడికల్ పెట్టుకున్నారు. 15 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. తీశారు. పాత మచ్చ కనబడింది. మచ్చ కనబడితే డాక్టరు చేతుల్లో ఏముండదు, కఫం పరీక్ష చెయ్యాల్సిందే. వరసగా మూడు రోజులు పొద్దున్నే వెళ్ళి వాళ్ళ ముందే కఫం ఇవ్వాలి. ఆ కఫంలో టీబీ క్రిములు ఉన్నాయేమోనని ల్యాబులో, కల్చర్‌లో 8 వారాల దాకా పెంచి చూస్తారు. ముంబైలో లాడ్జి తీసుకొని మూడు పొద్దులూ వెళ్ళొచ్చింది. నాలుగో రోజు ఇంటర్వ్యూ అయింది గానీ, ఫలితం వచ్చేదాకా వీసా ఆగింది. మొగుడు తీసిన విమానం టిక్కెట్టు డబ్బులు పోయాయి. చివరికి కల్చర్‌లో ఏమీ రాలేదు, వీసా ఇచ్చారు. ఆమెకి ఉన్నది జబ్బు కాదు, దాని మచ్చ మాత్రమే. ఆ రెండు నెలలూ అత్తవారింట్లో ఏం విందో అది నేను రాయను.

అందుకే నా లెక్క ముందుగా చేయించుకోమంటుంది. మూడు నాలుగు వారాల ముందు చేయించుకుంటే కఫం పరీక్ష పడినా ఇంటర్వ్యూ నాటికి సగం దారి నడిచి ఉంటాం. హైదరాబాదులో అయితే మూడు రోజులు ఉండడానికి కూకట్‌పల్లిలో ఒక చుట్టమైనా దొరుకుతాడు. ఉత్తరాంధ్ర వాళ్ళకి హైదరాబాదులో చుట్టం లేకపోవడం అరుదు. ముంబైలో ఉండడం అరుదు.

మరీ ముందుగా మాత్రం వద్దు. ఇంటర్వ్యూ లెటర్ చేతికి వచ్చాకే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఫలితం మామూలుగా 6 నెలలు చెల్లుతుంది, టీబీ అనుమానం వచ్చి తేలినవాళ్ళకి 3 నెలలే. వీసా గడువు కూడా మెడికల్ గడువుని పట్టే వస్తుంది. ఆత్రంగా ముందే చేయించుకొని, ఇంటర్వ్యూలో ఇంకో కాగితం అడిగి ఆపితే ఆ గడువు మన ఖాతాలోంచే కరిగిపోతుంది. మళ్ళీ ఫీజు, మళ్ళీ ఎక్స్‌రే.

ఇంటి దగ్గరే ముందు ఒక ఎక్స్‌రే తీయించి చూసుకోవడం మంచిదా అని చాలామంది అడుగుతారు. పాత ఛాతీ జబ్బు ఏమీ లేకపోతే దండగ. ఇక్కడ తీసినదాన్ని అక్కడ లెక్కలోకి తీసుకోరు, మళ్ళీ తీస్తారు. చిన్నప్పుడు టీబీ వచ్చినవాళ్ళు మాత్రం తప్పకుండా తీయించుకోండి, పాత ఎక్స్‌రే ఫిల్ములు, ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చిన కార్డు ఉంటే వెతికి పట్టుకెళ్ళండి. మచ్చ పదేళ్ళుగా అలాగే ఉందని చూపగలగడం వేరు, మచ్చ కొత్తదో పాతదో తెలియకపోవడం వేరు. కఫం పరీక్ష తప్పించుకోవచ్చని కాదు, డాక్టరుకి కథ అర్థమవుతుంది.

ఇంకో పోలిక టీకాలది. ఇక్కడ వేయించుకొని వెళ్ళాలా, అక్కడే వేయించుకోవాలా?

ఇక్కడ వేయించుకోవడం చవక, అది నిజం. చెయ్యి వాచి జ్వరం వస్తే మన మంచం మీద పడుకుంటాం, అదీ నిజం. నా వయసువాళ్ళకి ముఖ్యంగా చూసేవి ఎంఎంఆర్ (మీజిల్స్, గవదబిళ్ళలు, రుబెల్లా), ధనుర్వాతం-డిఫ్తీరియా, చికెన్‌పాక్స్ (ఆటలమ్మ), హెపటైటిస్-బి, సీజన్ బట్టి ఫ్లూ. కోవిడ్ టీకా అడగడం 2025లో ఆగిపోయింది. అయితే ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

ఒకటి, 2017 ఆగస్టులో బడుల్లో అందరికీ వేసిన టీకా గుర్తుందా? ఇప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయిలు చాలామంది "నాకు మీజిల్స్ టీకా పడింది" అంటారు. పడింది ఎంఆర్. అందులో మీజిల్స్, రుబెల్లా ఉన్నాయి, గవదబిళ్ళలది లేదు. వీళ్ళు అడిగేది ఎంఎంఆర్. పైగా తేదీ, ముద్ర ఉన్న కాగితం కావాలి, "మా అమ్మకి గుర్తుంది" అంటే నడవదు.

రెండోది నేను చేసిన పొరపాటు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ రెండూ బతికున్న వైరస్ టీకాలు. వేస్తే రెండూ ఒకే రోజు వెయ్యాలి, లేదా మధ్య 28 రోజుల ఎడం ఉండాలి. నేను తెలివి చూపించి మెడికల్‌కి పది రోజుల ముందు ఊళ్ళో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఎంఎంఆర్ వేయించుకొని పోయాను. ఆ క్లినిక్ వాళ్ళూ ఈ సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు. హైదరాబాదులో చికెన్‌పాక్స్ టీకా ఆ రోజు వెయ్యడం కుదరలేదు. అదృష్టం ఏమిటంటే నాకు పదో ఏట ఆటలమ్మ పోసింది. అమ్మ వేపమండలు కట్టిన రోజులు, వంట్లో చల్లబడ్డాక పోసిన నీళ్ళు, అన్నీ గుర్తున్నాయి. ఆ డాక్టరమ్మ మచ్చలు కూడా చూసి, ఆటలమ్మ వచ్చిందని రాసి వదిలేసింది. అమ్మవారు పోసి ఉండకపోతే వ్యవధి చాలలేదని రాయాల్సి వచ్చేది.

ఇంకో మాట, మూడు డోసుల టీకా అయితే మూడూ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఆ వయసుకి తగిన ఒక్కో డోసు పడితే చాలు, మిగతావి అమెరికాలో. అందుకని నా సలహా, తొందరేమీ లేకపోతే, మొగుడు మన కోసం ఐ-130 అనే మొదటి దరఖాస్తు వేసిన రోజుల్లోనే ఊళ్ళో మొదలుపెట్టండి. అప్పుడు ఏడాది పైన టైముంటుంది, ఎడం సమస్యే ఉండదు. ఇంటర్వ్యూ లెటర్ వచ్చాక మాత్రం ఇక ఇక్కడ సూది జోలికి పోవద్దు, అంతా ప్యానెల్ డాక్టరు చేతుల మీదే వేయించుకోండి.

సంక్రాంతికి మొగుడు వచ్చి వెళ్ళినవాళ్ళు ఇది చదవండి. గర్భం ఉందేమోనని ఏ మాత్రం అనుమానమున్నా ముందే చెప్పాలి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు గర్భిణికి వెయ్యరు, అవి లేకున్నా మినహాయింపు రాస్తారు. ఎక్స్‌రే మాత్రం తీయాలి, పొట్టకి సీసపు కవచం కప్పి తీస్తారు, లేదంటే కాన్పు దాకా ఆగొచ్చు. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఈ ఒక్క కారణానికే తెలుగు తెలిసిన లేడీ డాక్టరు ఉన్నచోటే వెళ్ళమంటాను.

పుకార్ల గురించి రెండు మాటలు. "హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారట" అని మా వీధిలో ఇప్పటికీ అంటారు. అమెరికా వీసా మెడికల్‌లోంచి అది 2010 జనవరిలోనే తీసేశారు. 18 నుంచి 44 ఏళ్ళ వాళ్ళకి సిఫిలిస్ రక్తపరీక్ష ఉంటుంది, 18 నుంచి 24 వాళ్ళకి గనేరియా పరీక్ష కూడా. పాజిటివ్ వచ్చినా మందు వాడాక ముందుకు వెళ్ళొచ్చు. ఉద్దానం వైపు వాళ్ళకి కిడ్నీల భయం. అమెరికా మెడికల్‌లో వైద్యపరంగా అడ్డుపెట్టే జబ్బుల జాబితాలో కిడ్నీ జబ్బు లేదు, షుగరు, బీపీ లేవు. కెనడాలో స్థిరపడిన మొగుడి స్పాన్సర్ మీద అక్కడికి వెళ్ళేవాళ్ళకి ఆ దేశపు పరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు. చూసినా, వైద్యం ఖర్చు ఎక్కువవుతుందన్న కారణంతో భార్యలని ఆపరు, ఆ నియమం నుంచి వాళ్ళకి మినహాయింపు ఉంది.

ఎక్స్‌రే గదికి వెళ్ళేముందు మంగళసూత్రం, నల్లపూసలు తియ్యాలి. లోహం ఎక్స్‌రేలో తెల్లగా పడుతుంది. మా అత్తగారు ఫోన్లో ఏటే, పెళ్ళయి ఏడాది కాలేదు, అప్పుడే మెడలో తీస్తావేటని కంగారు పడ్డారు. మా అమ్మ పసుపుకొమ్ము కట్టిన దారం పంపింది. సూత్రాలు విప్పి హ్యాండ్‌బ్యాగులో పెట్టి, ఆ దారం వేసుకెళ్ళాను. టెక్నీషియన్ దాన్నీ మెడ వెనక్కి వెయ్యమంది, వేశాను. అందరికీ సరిపోయింది.

ఇక ముంబైకే వెళ్ళడం మేలయ్యేవాళ్ళు కూడా ఉన్నారు. చిన్నప్పటినుంచి ఛాతీ జబ్బు లేదు, టీకా కార్డు శుభ్రంగా ఉంది, హిందీ లేదా ఇంగ్లీషు ధారాళంగా వస్తుంది, ముంబైలో అన్నయ్యో అక్కో ఉన్నారు. అలాంటివాళ్ళు రెండు వారాల ముందే వెళ్ళి అక్కడే మెడికల్, అక్కడే ఇంటర్వ్యూ ముగించుకోవచ్చు. నాలుగు రోజుల ముందు మాత్రం కాదు, అది ఎవరికీ వద్దు. చెన్నై ఎవరికంటే, అక్కడ చదువుకున్నవాళ్ళకి, అక్కడ మనిషున్నవాళ్ళకి. హైదరాబాదులో అపాయింట్‌మెంట్ దొరక్కపోతే నేనూ చెన్నైకే వెళ్ళేదాన్ని.

కొన్నిచోట్ల ఫలితాలు ఆన్‌లైన్‌లో నేరుగా కాన్సులేటుకి పోతాయి. నాకు మాత్రం ఎక్స్‌రే సీడీ, సీలు వేసిన కవరు చేతికిచ్చి, విప్పితే చెల్లదన్నారు. తిరుగు రైల్లో విజయనగరం దిగగానే అమ్మ దాన్ని పైడితల్లి గుడికి పట్టుకెళ్తానంది. సరేనన్నాను, కానీ కుంకుమ అంటకుండా ముందు రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టాను.